మణి దొరకక ముందే హీరో

2024 సంక్రాంతి బరిలో ‘గుంటూరు కారం’తో పాటు జనవరి 12నే థియేటర్లకొచ్చిన ‘హనుమాన్’ను పిల్లలూ పెద్దలూ కలిసి గెలిపించారు. ఆ తర్వాత 71వ జాతీయ అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. పోరాటాలకూ అవార్డు దక్కింది. దర్శకుడు ప్రశాంత్ వర్మ సాధించిన విజయం గురించి ఇక వాదన అక్కర్లేదు. అయితే మన దగ్గర సూపర్‌హీరో కథ రాయాలనుకునే ప్రతివాళ్లూ ఇకమీదట ఈ సినిమానే ముందు పెట్టుకుంటారు. అందుకే దీని బలమేమిటో, లోటేమిటో ఇష్టంతోనే తేల్చుకోవాలి.

మామూలు మనిషి వీరుడెలా అయ్యాడో చెప్పే కథల్లో అందరి కళ్లూ శక్తి వచ్చే ఘడియ మీదే ఉంటాయి. సాలీడు కుట్టడమో, పిడుగు పడటమో, మణి దొరకడమో తెర మీద నిమిషంలో అయిపోతుంది. నన్నడిగితే కథకు పరీక్ష దానికి ముందూ తర్వాతా ఉంది. శక్తి లేనప్పుడు ఆ మనిషి ఎలాంటివాడు? వచ్చిన శక్తికి అతను ఏ మూల్యం చెల్లించాడు?

మొదటి ప్రశ్నకు ‘హనుమాన్’ చక్కటి జవాబిచ్చింది. అంజనాద్రి అనే ఊహా గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసుకు తిరిగే హనుమంతు, అక్క అంజమ్మ చాటున పెరిగినవాడు. తను ప్రేమించిన మీనాక్షి మీద బందిపోట్లు పడితే, చేతిలో ఏ బలమూ లేకుండానే అడ్డం వెళ్లాడు. కత్తిపోటు తిని నీళ్లలో పడ్డాడు. శక్తినిచ్చే రుధిరమణి దొరికింది అప్పుడే. ప్రాణం ఒడ్డిన తర్వాతే శక్తి వచ్చింది. ఈ వరుస తారుమారైతే సినిమా లాటరీ తగిలిన కుర్రాడి కథగా మిగిలిపోయేది. హనుమంతుగా నటించిన తేజ సజ్జా బక్కపలచని ఒడ్డూ పొడుగూ, బెదురు చూపూ ఈ పాత్రకు నిండుగా అమరాయి.

ఊరిని ఎంచుకోవడంలోనూ దర్శకుడి తెలివి ఉంది. ఎదురు మాట్లాడినవాణ్ణి కుస్తీ గోదాలోకి దింపి చంపే గజపతి ఆ ఊళ్లోనే ఉన్నాడు. హనుమంతు శక్తికి పని గుమ్మం ముందే ఉంది కాబట్టి, లోకాన్ని కాపాడే హడావుడి లేకుండానే ప్రేక్షకుడు అతని పక్షాన చేరిపోయాడు.

ప్రతినాయకుడి దగ్గర బలం, బలహీనత రెండూ ఒకేచోట కనిపిస్తాయి. సూపర్‌హీరోలకు తల్లిదండ్రులుండరని నమ్మి, కన్నవాళ్లనే చంపుకున్న పిల్లవాడు మైకేల్. ఒళ్లు జలదరించే ఊహ అది. శక్తి కోసం అన్నీ తగలబెట్టుకున్నవాడు ఒకడు, కోరకుండానే శక్తి దక్కినవాడు ఇంకొకడు. ఈ ఇద్దరి మధ్యే గొప్ప కథ ఉంది. తీరా పెద్దయ్యాక మైకేల్ ఆయుధాలూ అనుచరులూ ఉన్న మామూలు విలన్ అయిపోయాడు. ఆ పసివాడి ఆకలి మళ్లీ కనిపించదు. 2021లో వచ్చిన మలయాళ చిత్రం ‘మిన్నల్ మురళి’ సరిగ్గా ఇక్కడే పైచేయి సాధించింది. ఒకే రాత్రి పిడుగు ఇద్దరి మీదా పడింది. టైలర్ జైసన్ వీరుడయ్యాడు. ఊరంతా వెలివేసినట్టు చూసిన షిబు, ప్రేమా అవమానమూ కలిసి కాల్చేస్తే హంతకుడయ్యాడు. షిబుగా నటించిన గురు సోమసుందరం కళ్లు చూస్తే ఆ హంతకుడి మీద జాలి కలుగుతుంది.

ఇక రెండో ప్రశ్న. 2002 నాటి ‘స్పైడర్ మ్యాన్’లో పీటర్ పార్కర్ తనకేం పట్టిందని ఒక దొంగను వదిలేస్తాడు. ఆ దొంగ చేతిలోనే పెంచిన పెదనాన్న పోతాడు. ఆ అపరాధ భావమే అతన్ని వీరుణ్ణి చేసింది. హనుమంతుకు తప్పు చేసే అవకాశమే ఇవ్వలేదు కథ. అక్క చావు గుండెను పిండేస్తుంది, నిజమే. కానీ ఆ చావులో అతని నిర్ణయానికి పాలు లేదు. మణి సూర్యరశ్మిలోనే పనిచేస్తుందన్న నియమం ఎంతో మంచిది. శక్తి లేని రాత్రుల్లో హనుమంతు భయాన్నీ నిబ్బరాన్నీ చూపడానికి అది దారి తెరిచింది. రచయితలు ఆ దారిలో ఇంకా దూరం వెళ్లాల్సింది.

పతాక సన్నివేశాల్లో సంగీతమూ దృశ్యాలూ కలిసి భక్తితో థియేటర్‌ను ఊపేశాయి. ఆంజనేయుడి అండతో వీరుడు పుట్టడం మనకు కొత్త కాదు, 1980లో ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’లోనూ ఉంది. భక్తి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ విభీషణుడు దారి చూపి, దైవం దిగివచ్చి, మిగతాది తర్వాతి సినిమాకు వాయిదా పడేసరికి హనుమంతు తన కథలోనే పక్కకు జరిగాడు. నా బాధ అది.

దీనికి మందు హాలీవుడ్‌లో వెతకనక్కర్లేదు, సుందరకాండలోనే ఉంది. వాల్మీకి హనుమంతుడు లంకను తగలబెట్టిన తర్వాత ఒక్కసారిగా వణికిపోతాడు. ఈ మంటల్లో సీతమ్మ కూడా ఆహుతైపోయిందేమోనని తన కోపాన్ని తానే తిట్టుకుంటాడు, బతకడమెందుకని కుమిలిపోతాడు. సముద్రం దాటినప్పటికన్నా, ఆ పశ్చాత్తాపంలోనే ఆయన మనకు మరీ దగ్గరివాడవుతాడు. రిషబ్ శెట్టి హనుమంతుడిగా ‘జై హనుమాన్’ను ప్రకటించిన ప్రశాంత్ వర్మకు నా విన్నపం ఒక్కటే. కొండలు ఎత్తే దృశ్యాలు ఎన్నైనా చూపించండి. వాటితో పాటు, తన బలం చూసి తానే భయపడిన ఆ క్షణాన్నీ చూపించండి.