కంపెనీ కాగితం చదివేవాళ్ళు మనలో ఎంతమంది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

లా అనగానే మన పిల్లలకు రెండే గుర్తొస్తాయి. ఒకటి క్రిమినల్ కేసులు వాదించే లాయరు. రెండోది జూనియర్ సివిల్ జడ్జి, ఏపీపీ నోటిఫికేషన్లు. ఈ రెండూ మనకు కావాల్సినవే, కాదనడం లేదు. కానీ మూడో దారి ఒకటుంది, అటువైపు మనవాళ్ళు దాదాపు చూడటం లేదు. అదే కమర్షియల్ లా. కాంట్రాక్టులు, కంపెనీలు, లీజులు, అప్పులు, వాటాలు, దివాలాలు చూసే లా. "అది సిటీలో పుట్టి, ఇంటర్ అవగానే పెద్ద లా యూనివర్సిటీలో చేరినవాళ్ళకు గానీ మనకెందుకు" అనే మాట మేం చాలాసార్లు విన్నాం. ఆ మాటతో మేం ఏకీభవించం.

ఎందుకంటే ఏజెన్సీలో మన భూమికి, మన పంటకు జరిగే నష్టం ఎక్కువగా కాగితం మీదే జరుగుతుంది. 1/70 ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారడానికి వీల్లేదు. ఇది మనందరికీ తెలుసు. మరి బినామీ ఎట్లా నడుస్తోంది? పేరు మనవాడిది, పెట్టుబడి బయటివాడిది. మధ్యలో ఒక అగ్రిమెంటు, ఒక జీపీఏ, ఒక ప్రోనోటు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. ఇవన్నీ వ్యాపార చట్టాల కింద పుట్టే కాగితాలు. వాటిని కోర్టులో విప్పి చూపించాలంటే 1/70 ఒక్కటే తెలిస్తే సరిపోదు. కాంట్రాక్టు చట్టం తెలియాలి, చెక్కుల చట్టం తెలియాలి, పార్టనర్‌షిప్ డీడ్ చదవడం రావాలి.

1997 సమత తీర్పునే తీసుకోండి. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి, బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన మైనింగ్ లీజుల మీద వచ్చిన కేసు అది. జనం పోరాటం దానికి ప్రాణం. కానీ సుప్రీంకోర్టులో ముఖ్యమైన ప్రశ్న ఏంటి? రెగ్యులేషన్‌లో ఉన్న "వ్యక్తి" అనే మాటలోకి ప్రభుత్వం వస్తుందా, రాదా అని. వస్తుంది అని కోర్టు చెప్పింది. ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదు అని తేలింది. ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. ఒక్క మాటకు అర్థం మీద అంత పెద్ద విషయం నిలబడింది. ఆ మాటను పట్టుకుని వాదించగలిగేవాళ్ళు మనలోంచి రావాలనేదే మా తపన.

ఇంకో కోణం చూడండి. ఇవాళ మనం అడ్డుకోవడమే కాదు, అమ్ముకుంటున్నాం కూడా. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. మన రైతులు కలిసి ప్రొడ్యూసర్ కంపెనీలు పెట్టుకోవచ్చు. పదిమంది ఉంటే చాలు, ఎన్ని షేర్లున్నా ఒక సభ్యుడికి ఒకటే ఓటు. బాగానే ఉంది. కానీ కొనేవాడితో ఒప్పందం ఎవరు రాస్తారు? సరుకు తీసుకున్నాక రేటు తగ్గిస్తే ఏ క్లాజు కింద అడుగుతాం? గోడౌన్ కోసం ఏజెన్సీలో భూమి ఎవరి పేరున తీసుకోవాలి? రెగ్యులేషన్‌లో గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సొసైటీ అని రాసుంది గానీ కంపెనీ అని లేదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కంపెనీ చట్టం, 1/70 రెండూ ఒకే మనిషికి తెలియాలి. అలాంటి మనిషి సిటీ ఆఫీసుల్లో దొరకడం కష్టం. మన హాస్టళ్ళలోంచే తయారుకావాలి.

"కంపెనీ లాయరు అయితే కంపెనీల పని చేయాల్సిందే కదా, అది మనవాళ్ళకు ద్రోహం కాదా?" అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జీతం తీసుకున్నాక ప్రతి క్లయింటునూ మనం ఎంచుకోలేం, నిజమే. అందుకే మన భూమి మీదికి వచ్చే పని చేయను అనే గీత చేరకముందే గీసుకోవాలి. కానీ ఆ భయంతో ఈ చదువే వద్దనుకుంటే నష్టం మనకే. డాక్యుమెంట్ ఎట్లా తయారవుతుందో లోపలినుంచి చూసినవాడికే దాని లొసుగు తెలుస్తుంది. నాలుగేళ్ళు అక్కడ పని నేర్చుకుని మన సొసైటీల పక్కన నిలబడితే ఆ నాలుగేళ్ళూ వృథా కావు.

సరే, బీఏ, బీకాం, బీఎస్సీ చదువుతున్నాం, ఇప్పుడు ఆలస్యమైందా? కాలేదు. మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఉన్నదే డిగ్రీ అయినవాళ్ళ కోసం. రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ ఉంది. ఎస్టీలకు డిగ్రీలో 40 శాతం ఉంటే చాలు. 120 మార్కులు, గంటన్నర, తెలుగులో కూడా రాయొచ్చు. ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు, కానీ మంచి కాలేజీ రావాలంటే ర్యాంకు కావాలి కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ఢిల్లీ యూనివర్సిటీలో, బనారస్‌లో కూడా మూడేళ్ళ కోర్సు ఉంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022లో మొదలుపెట్టింది. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ చేస్తే మాత్రం బార్ కౌన్సిల్‌లో నమోదు కాదు. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్ళకూ చిక్కు ఉంది, ముందే కనుక్కోండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకు భయపడక్కర్లేదు. ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ డిగ్రీ కూడా పెట్టుబడే. బీకాం వాళ్ళకు బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చు, చాలామంది లా స్టూడెంట్లకు అదే రాదు. బీఏ వాళ్ళకు ఎకనామిక్స్, రాజ్యాంగం పరిచయం. బీఎస్సీ వాళ్ళకు పేటెంట్ల దారి ఉంది. పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్సు డిగ్రీ చాలు, లా డిగ్రీ అక్కర్లేదు. మన అడవి మందుల మీద రేపు ఎవడో పేటెంట్ అడిగితే అడ్డుపడేది ఎవరు?

డిగ్రీలో ఉండగానే చేయగలిగినవి ఉన్నాయి. 1872 కాంట్రాక్టు చట్టం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. రోజుకు రెండు సెక్షన్లు చదవండి. 10వ సెక్షన్‌లో ఒప్పందం ఎప్పుడు చెల్లుతుందో ఉంటుంది, 16లో ఒత్తిడి పెట్టి రాయించుకోవడం గురించి, 73లో నష్టపరిహారం గురించి. చదివి, మన షావుకార్ల లెక్కలకు పెట్టి చూడండి, వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో ఉన్న బ్యాంకు లోను కాగితం, ట్రాక్టరు ఫైనాన్సు కాగితం, రూము అద్దె అగ్రిమెంటు, అన్నీ వరసగా చదవండి. ఒక్కో క్లాజును మీ అమ్మకు చెప్పినట్టు తెలుగులో రాయండి, మళ్ళీ ఇంగ్లీషులో రాయండి. ఈ పనికి ఇంగ్లీషు తప్పదు. కానీ కావాల్సింది స్టైలుగా మాట్లాడే ఇంగ్లీషు కాదు, తప్పుల్లేకుండా రాసే ఇంగ్లీషు. అది రెండేళ్ళ సాధనతో వస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా విద్యార్థులకూ అవకాశం ఉంటుంది, అడగండి.

కష్టాలు దాచం. ప్రైవేటు లా ఫర్ముల్లో రిజర్వేషన్ లేదు. పెద్ద ఫర్ములు ఎక్కువగా పేరున్న లా యూనివర్సిటీల నుంచే తీసుకుంటాయి. జూనియర్‌గా చేరిన మొదటి రెండు మూడేళ్ళు చేతిలో డబ్బు ఆడదు. ఇంటికి పంపాల్సిన మనలాంటి వాళ్ళకు అదే అసలు దెబ్బ. అందుకే బ్యాంకుల లా ఆఫీసరు పోస్టులను కూడా గురిలో పెట్టుకోండి. లోన్లు, తాకట్టులు, రికవరీలు అన్నీ అక్కడ చేతితో నేర్చుకోవచ్చు, రిజర్వేషనూ ఉంది. ఇక ఉద్యోగాల్లో స్థిరపడిన మన అన్నలకు, అక్కలకు ఒక మాట. గ్రూప్స్ కోచింగ్‌కు పిల్లల్ని పంపుతున్నట్టే, ఒక్క జూనియర్ లాయరుకు ఏడాది పాటు హైదరాబాదులోనో విశాఖలోనో రూము అద్దె భరించండి. పదిమంది కలిస్తే ఒక్కొక్కరి మీద పెద్ద బరువు పడదు.

ఈ ఏడు లాసెట్ రాయాలనుకునేవాళ్ళు కింద కామెంట్లో మీ డిగ్రీ, మీ మండలం రాయండి. పుస్తకాలున్నవాళ్ళు పుస్తకాలు ఇవ్వండి, లా అయిపోయినవాళ్ళు వారానికి ఒక గంట ఇవ్వండి. మన తాతలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో వాళ్ళకు చదివి చెప్పినవాళ్ళు లేరు. మన తర్వాతివాళ్ళకు ఆ లోటు ఉండకూడదు.