చిన్న బల్లపై చిన్న రైలు



ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోదగిన చేతిపని ఒకటి ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. అది ఒక చిన్న నేరోగేజి రైలుదారి నమూనా. పట్టాలు, స్టేషను, కొండ, పొలం, చెట్లు అన్నీ కలిపి ఒక బల్లమీద నిలబెట్టే ఈ పనిని, చేసేవారంతా లేఅవుట్ అంటారు. మన ఊళ్లలో లేఅవుట్ అనగానే ఇళ్ల స్థలాలు గుర్తుకొస్తాయి గనుక, మనము దీన్ని రైలుబల్ల అని పిలుచుకుందాం.

ఇది డబ్బున్నవారి వేడుక అని కొందరు అనుకోవచ్చు. పూర్తిగా కొనుక్కుంటే ఖరీదే. అయితే ఇందులో కొనవలసినది తక్కువ, చేసుకోవలసినది ఎక్కువ. ఇంజను, పెట్టెలు, పట్టాలు, కరెంటు డబ్బా మాత్రమే కొనాలి. మిగిలినదంతా మన పెరట్లో, పొలం గట్టున, పాత సామాను గదిలో దొరుకుతుంది.

నేరోగేజి ఎందుకు?

మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. మీటరుగేజి 1,000 మి.మీ. నేరోగేజిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి: 762 మి.మీ., 610 మి.మీ. కల్కా-సిమ్లా దారి మొదటి రకం, డార్జిలింగ్ దారి రెండవ రకం. కొండచుట్టూ తిరగాలన్నా, తక్కువ ఖర్చుతో మారుమూల ఊళ్లకు చేరాలన్నా ఈ సన్న దారులే వేసేవారు. బండి చిన్నది, వేగం తక్కువ, మలుపులు బిగువు. డార్జిలింగ్ దారిలో అన్నిటికంటే బిగువైన మలుపు వ్యాసార్ధం సుమారు 60 అడుగులే.

ఈ గుణమే మనకు మేలు. పెద్ద బండి నమూనా తిరగడానికి కనీసం నాలుగడుగుల వెడల్పు బల్ల కావాలి. నేరోగేజి బండి 9 అంగుళాల వ్యాసార్ధంలో హాయిగా తిరుగుతుంది. అంటే మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల చాలు. పని అయ్యాక గోడకు ఆనించవచ్చు, మంచం కిందికి తోయవచ్చు.

ఇంకొక సౌకర్యం ఉంది. అసలును 87వ వంతుకు తగ్గించే కొలత లోకమంతటా వాడుకలో ఉంది. 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.76 వస్తుంది. మరింత చిన్న రైళ్ల కోసం 9 మి.మీ. పట్టాలు తయారై అంగళ్లలో సిద్ధంగా ఉన్నాయి. పావు మిల్లీమీటరు తేడాను కన్ను పట్టదు. కనుక ఆ పట్టాలే మన నేరోగేజికి సరిపోతాయి.

ఏ దారిని కడదాం?

ఏదో ఊహలో ఉన్న కొండరైలు కంటే, మన వారు ఎక్కిన రైలు మేలని మా అభిప్రాయం. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి వెళ్లిన దారి అటువంటిది. పర్లాకిమిడి మహారాజు వేయించిన ఈ 762 మి.మీ. దారి 1900లో మొదలైంది. తరువాత వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం దాకా పొడిగించారు. 1931 నాటికి ఆ పని పూర్తయింది. మొత్తం పొడవు దాదాపు 90 కిలోమీటర్లు. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్లాయి, నౌపడ ఇటు మిగిలింది. అయినా బండి మాత్రం రెండువైపుల వారినీ మోస్తూనే ఉంది.

2004లో బ్రాడ్‌గేజిగా మార్చడానికి ఆ చిన్న బండిని ఆపివేశారు. 2011 నాటికి పెద్ద బండి గుణుపురం చేరింది. ఇది ప్రజలకు మేలే. నౌపడలో దిగి బండి మారే పని తప్పింది, సరుకు దించి మళ్లీ ఎక్కించే బాధ తప్పింది. అందువల్ల పాతదానికోసం కన్నీరు పెట్టమని మేము చెప్పడం లేదు. కాని ఒక సంగతి మాత్రం ఆలోచించండి. 2004 తరువాత పుట్టిన పిల్లలు ఆ బండిని ఎన్నడూ చూడలేదు. చూసినవారిలో చాలామంది వృద్ధులయ్యారు. వారి నోట ఉన్నది వారితోనే పోకుండా ఉండాలంటే పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి. వట్టినే అడగమంటే పిల్లలు అడగరు. చేతిలో పని ఉంటే అడుగుతారు. "తాతా, స్టేషనుకు పెంకులా, రేకులా? బావి ఎటు పక్క ఉండేది? బండి ఎంత నెమ్మదిగా వెళ్లేది?" ఈ ప్రశ్నలు పుట్టించడమే రైలుబల్ల చేసే అసలు ఉపకారం.

ఎంత తీసుకోవాలి?

నౌపడ నుంచి పర్లాకిమిడి దాదాపు 40 కిలోమీటర్లు. దాన్ని 87వ వంతు చేసినా 460 మీటర్లు వస్తుంది. ఏ ఇంట్లోనూ పట్టదు. కనుక దారి మొత్తాన్ని కట్టాలనుకోకండి. ఒక్క చోటు ఎన్నుకోండి. ఒక చిన్న స్టేషను, దాని ముందు వరిమళ్లు, వెనుక కొండ. లేదా నౌపడ కొస, ఉప్పుమళ్లు, సరుకు పెట్టెలు నిలిచే ఒక పక్కదారి. ఆశ పెద్దదై పని సగంలో ఆగిన బల్ల కంటే, చిన్నదై పూర్తయిన బల్ల ఇంటికి అందం.

ముందుగా పాత క్యాలెండరు కాగితాలు అతికించి, వెనుకవైపు అసలు కొలతతో గీయండి. కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు, దానికి ఒకటో రెండో పాయింట్లు, ఒక పక్కదారి. ఇంతకు మించి వద్దు. చుట్టులో వెనుక సగం కొండ చాటుకు పోతే, బండి ఎటో వెళ్లి తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

బల్ల, పట్టాలు

9 మి.మీ. ప్లైవుడ్డు పలక తీసుకుని అడుగున రెండంగుళాల కర్ర చట్రం బిగించండి. పలక వంగితే బండి పట్టా తప్పుతుంది. మన వానాకాలపు తేమకు కర్ర ఉబ్బుతుంది గనుక, పలకకు రెండువైపులా, అంచులకు కూడా రంగు వేయండి.

పట్టాలు పరిచేటప్పుడు అతుకుల దగ్గర వేలు పెట్టి చూడండి. వేలికి గరుకు తగిలితే చక్రానికీ తగులుతుంది. ఎత్తు ఎక్కించదలిస్తే 40 అంగుళాల దూరానికి ఒక అంగుళం మించనివ్వకండి. చిన్న ఇంజను అంతకుమించి లాగలేదు. పట్టాలకు వెళ్లే కరెంటు 12 వోల్టులే, దానితో పిల్లలకు భయం లేదు. గోడ ప్లగ్గులో డబ్బా పెట్టే పని, బ్లేడుతో కోసే పని మాత్రం పెద్దలు చేయాలి.

ఇక్కడ ఒక గట్టి మాట. మట్టి వేయడానికి, కొండ కట్టడానికి తొందరపడకండి. వట్టి పట్టాలమీద కనీసం వారం రోజులు బండిని నడపండి. ముందుకు, వెనుకకు, పెట్టెలతో, పెట్టెలు లేకుండా. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పడుతుందో చూసి సరిచేయండి. జిగురు ఆరాక సరిచేయాలంటే అంతా పగలగొట్టాలి.

కొండ కట్టేముందు అన్నిటికంటే పొడవైన పెట్టె పక్కన పెన్సిలు కట్టి మలుపులో తోయండి. మలుపులో పెట్టె నడుము లోపలికి, కొసలు బయటికి వస్తాయి. ఆ గీత దాటి కొండను ఉంచితే పెట్టె రాచుకోదు. కొండ వెనుక చెయ్యి పట్టేటంత సందు విడవండి. బండి పడేది ఎప్పుడూ చెయ్యి అందని చోటే!

నేల, నీరు, చెట్టు

టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోలు ముక్కలను ఒకదానిపై ఒకటి ఫెవికాల్‌తో అతికించి కొండ ఆకారం కోయండి. ఘాటైన రబ్బరు జిగురు వాడితే థర్మాకోలు కరిగిపోతుంది. దానిమీద పాత నూలుగుడ్డ ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో ముంచి పరచండి. ఆరిన తరువాత మట్టిరంగు పూయండి.

మట్టికి మట్టే సాటి. ఆ దారి పక్క మట్టే దొరికితే మరీ మంచిది. ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించండి. పెనంమీద కాసేపు వేడిచేస్తే పురుగు పట్టదు. తరువాత కాగితంమీద పరచి అయస్కాంతం తిప్పండి. నల్లని ఇనుప రేణువులు అంటుకుని వస్తాయి. అవి మట్టిలో ఉండిపోతే ఇంజను మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది.

పట్టాల మధ్య కంకరకు జల్లించిన ఏటి ఇసుక చాలు. పొడిగా వేసి, కుంచెతో సర్ది, ఒక చుక్క షాంపూ కలిపిన నీళ్లు చల్లండి. తరువాత సగం ఫెవికాల్, సగం నీళ్లు కలిపి మందుచుక్కల గొట్టంతో వదలండి. షాంపూ చుక్క వల్ల జిగురు పైన ముద్దకట్టక లోపలికి ఇంకుతుంది. పాయింట్లు కదిలే చోట జిగురు తగలనివ్వకండి. నేరోగేజి దారి పెద్ద లైనులా నీటుగా ఉండదు. స్లీపర్ల నడుమ మట్టి, అక్కడక్కడ గడ్డి ఉంటేనే నిజం.

కొలతలు మరువకండి. అసలు అడుగు ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 19 మి.మీ. యాభై అడుగుల తాడిచెట్టు ఏడంగుళాలు. చాలామంది తాడిని రెండంగుళాలు చేసి స్టేషను పక్కన పెడతారు. అప్పుడది బొమ్మ అవుతుంది గాని ఊరు కాదు. తాడి బోదెకు 5 మి.మీ. వెదురుపుల్ల, ఆకులకు విసనకర్రలా కత్తిరించిన కాగితం సరిపోతాయి. వరిమడి గట్టుకు జిగురులో ముంచిన పురికొస, వరికి కత్తిరించి పచ్చరంగు వేసిన గోనెపీచు, పొదలకు కొబ్బరిపీచు, గడ్డికి రంగువేసి ఆరబెట్టిన రంపపు పొట్టు వాడండి.

ఉప్పుమళ్లు చేసేవారు నిజమైన ఉప్పు వాడవద్దు. అది తేమను పీల్చి కరిగి, పట్టాలకు తుప్పు పట్టిస్తుంది. రాశులకు తెల్ల సిమెంటు పొడి, మడిలో నీటికి రెండు మూడు పూతల వార్నీషు వేయండి. ఒక పూత ఆరాకనే మరొకటి వేయాలి.

వెనుక అట్టమీద ఆకాశం వేసేటప్పుడు పైన నీలం, కిందికి వచ్చేకొద్దీ తెలుపు కలపండి. దూరపు కొండలు పచ్చగా కాక బూడిద నీలంగా ఉండాలి. మహేంద్రగిరి వైపు ఒకసారి దూరం నుంచి చూస్తే ఈ మాట మీకే తెలుస్తుంది.

రైలు కొనలేనివారి మాట

ఇంజను కొనే శక్తి లేని ఇళ్లు మన పాఠకులలో ఎన్నో ఉన్నాయని మాకు తెలుసు. వారికి ఒక పాదిరిగారి సంగతి చెప్పాలి. ఇంగ్లండులో రెవరెండ్ విల్బర్ట్ ఆడ్రీ అనే ఆంగ్లికన్ సేవకుడు ఉండేవారు. 1942లో తన చిన్న కుమారునికి తట్టు పోసి మంచం పట్టినప్పుడు, ఆయన రైలింజన్ల కథలు చెప్పి ఓదార్చారు. తరువాత పెద్ద ఇంజను బొమ్మ చేసి ఇవ్వాలనుకున్నారు గాని, యుద్ధకాలం గనుక సామాను దొరకలేదు. చివరకు చీపురుకర్ర ముక్కతో, చెక్క పేళ్లతో ఒక చిన్న ఇంజను చేశారు. దానికి థామస్ అని పేరు వచ్చింది. నేడు లోకమంతటా పిల్లలెరిగిన థామస్ ఇంజను అదే. ఆ పాదిరిగారు 1952లో వేల్స్ దేశంలోని తాలిలిన్ నేరోగేజి దారిలో జీతం లేకుండా గార్డు పని కూడా చేశారు. మూతపడబోయిన ఆ దారిని 1951 నుంచి స్వచ్ఛంద సేవకులే నడుపుతున్నారు.

లేమిలో పుట్టిన ఆ చీపురుకర్ర ఇంజను మనకు ధైర్యం చెప్పాలి. మోటారు లేకపోతేనేమి? ఒక అడుగు పలకమీద స్టేషను, తాడిచెట్టు, వరిమడి కట్టండి. పట్టాలకు సన్నని తీగ, స్లీపర్లకు అగ్గిపుల్లలు వాడండి. అట్టతో ఒక పెట్టె చేసి నిలపండి. బండి కదలకపోయినా, ఆ చోటు మీ ఇంట ఉంటుంది.

పని ముగిశాక, ఆ దారిన బడికో, సంతకో, పెళ్లిచూపులకో వెళ్లివచ్చిన పెద్దవారిని పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టండి. బావి తప్పు వైపున పెట్టారని వారు అంటే నొచ్చుకోకండి. బావిని మార్చండి. మార్చుతూ, ఇంకా ఏముండేదో అడగండి. మీ జిల్లాలో ఇటువంటి దారి లేకపోతే, పోయిన చెరువునో, పాత బస్టాండునో ఇదే కొలతలో కట్టవచ్చు. పద్ధతి ఒక్కటే: చిన్నది ఎన్నుకోండి, కొలత తప్పకండి, పెద్దలను అడగండి, పూర్తిచేయండి.