బండమీది బొమ్మ, నోటిలోని కథ

అక్షరము పుట్టుటకు ఎంతో ముందే మానవుడు కథ చెప్పనేర్చెను. ఆ కథను తన తరువాతివారికి అందింపగోరి, కావిరాతిని నూరి, తెల్లసుద్దను కలిపి, కొండగుహల గోడలపై బొమ్మలు వ్రాసెను. లోకమున పెక్కుచోట్ల అట్టి శిలాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. వానిని కాపాడుట యెట్లని యడిగినచో, ఎవ్వరును ముట్టకుండ చుట్టును కంచె వేయవలెనని పలువురు చెప్పుదురు. ఈ సమాధానము సగమే సరియైనదని నా యభిప్రాయము. బొమ్మతోపాటు దాని కథ చెప్పగల నోటిని కూడ కాపాడిననే గాని బొమ్మ బ్రతుకదు.

ఇందుకు ఆస్ట్రేలియా ఆదివాసుల చిత్రములే తార్కాణము. ఆ ఖండమునకు వాయవ్యమున కింబర్లీ యను ప్రాంతము కలదు. అచ్చట ఒక గుహ కప్పుపైనున్న కంగారు బొమ్మ వయస్సు సుమారు 17,300 ఏండ్లని శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిరి. బొమ్మకు క్రిందను పైనను కందిరీగలు కట్టిన మట్టిగూళ్లను పరీక్షించి వారీ లెక్క తేల్చిరి. బొమ్మ వయస్సును కందిరీగ గూడు చెప్పగలిగినది. దాని అర్థమును మాత్రము చెప్పజాలదు.

ఆ దేశపు నడిమి ఎడారిలో నివసించు ఆదివాసుల సంకేతములను చూడుడు. గుఱ్ఱపు నాడా వంటి గుర్తు కూర్చున్న మనిషిని తెలుపును. ఇసుకలో మఠము వేసికొని కూర్చుండి లేచినచో మిగులు ముద్ర అట్టిదే కదా! మూడు గీతల గుర్తు ఈమూ పక్షి అడుగుజాడ. ఒకదానిలో నొకటిగా గీచిన వలయములు నీటి చెలమయు కావచ్చును, విడిదియు కావచ్చును, నెగడియు కావచ్చును. ఏది యగునో కథయే నిర్ణయించును. అచ్చటి స్త్రీలు ఇసుకపై వ్రేలితో ఈ గుర్తులు గీచుచు పిల్లలకు కథలు చెప్పుదురు; ఒక ఘట్టము ముగియగనే అరచేతితో చెరిపి మరియొకటి మొదలిడుదురు. కథ వినని వానికి ఆ వలయము ఉత్త వలయమే.

కింబర్లీలోని వాంజినా చిత్రముల సంగతి ఇంకను విచిత్రమైనది. పెద్ద కన్నులు, నోరు లేని ముఖము, తల చుట్టును మేఘమువంటి వలయము గల ఈ మూర్తులు వానలు కురిపించు దేవతలని అచ్చటివారి నమ్మకము. రంగు వెలసినప్పుడు వానిని మరల దిద్దుట తమ ధర్మమని వారు భావింతురు. 1987లో ఆదివాసి యువకులు కొన్ని చిత్రములను అట్లు దిద్దగా పెద్ద వివాదము చెలరేగెను. అవి మానవజాతి కంతటికిని చెందిన సొత్తు గనుక ఎవ్వరును కుంచె పెట్టరాదని కొందరు ఆక్షేపించిరి.

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. పాతరంగు ఒకసారి మరుగుపడినచో దాని వలన తెలియవలసిన చరిత్ర కొంత మరుగుపడును. ఐనను ఏటేట జాతరకు ముందు గ్రామదేవతకు రంగులు వేయు మన పల్లెవారిని, దేవతను పాడుచేసినారని అందుమా? తరతరములుగా దిద్దుచు వచ్చుటయే ఆ చిత్రముల జీవితము. కావున దిద్దుటకు ముందు ఉన్నదున్నట్లుగా ఛాయాచిత్రములు తీయించి భద్రపరచుట శాస్త్రజ్ఞుల పని. దిద్దవలెనా వలదా యని తేల్చుట ఆ కథకు వారసులైన వారి హక్కు.

వారి మాటకు విలువ లేనిచోట ఏమి జరుగునో 2020లో లోకము చూచినది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గోర్జ్ అను కనుమలో 46,000 ఏండ్లనాటి మానవ నివాసపు గుర్తులు గల రాతిగుహ యుండెను. అచ్చట దొరకిన 4,000 ఏండ్లనాటి వెండ్రుకల జడ నేటి ఆ ప్రాంతపు ఆదివాసుల పూర్వులదేయని పరీక్షలలో తేలెను. ఇనుప ఖనిజము కొరకు రియో టింటో సంస్థ 2020 మే 24వ తేదీన దానిని ప్రేలుడు మందుతో ధ్వంసము చేసెను. అందుకు 1972 నాటి చట్టము క్రింద ప్రభుత్వానుమతి కూడ కలదు! పిదప ఆ సంస్థ క్షమాపణ చెప్పెను. దాని ముఖ్యాధికారి పదవి వీడెను. గుహ మాత్రము తిరిగి రాలేదు. కుంచె పట్టిన వారసునికంటె, వారసుని మాట వినని చట్టమే గుహకు పెద్ద శత్రువని దీనివలన తెలియుచున్నది.

ఇక మన సంగతి. మధ్యప్రదేశములోని భీమ్‌బేట్కా గుహాచిత్రములను వాకణ్‌కర్ పండితుడు 1957లో కనుగొనెను. 2003లో అవి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినవి. కర్నూలు జిల్లా కేతవరమునందును, భూపాలపల్లి ప్రాంతపు పాండవుల గుట్టయందును శిలాచిత్రములు కలవు. పేర్లనొకసారి పరికింపుడు: ఒకచోట భీముడు, మరియొకచోట పాండవులు! మొదట గీచినవారి కథ తెగిపోగా, తరువాతివారు తమకు తెలిసిన కథనే ఆ బండలకు తొడిగిరి. మన ప్రాచీన చిత్రములలో పెక్కింటి అర్థము చెప్పగలవారు నేడు లేరు. ఇది ఏ కంచెయు పూడ్చలేని లోటు.

ఆ లోటు మరియెచ్చటను కలుగకుండ చూచుట మన చేతిలోనున్నది. కొండ యెక్కినప్పుడు బొమ్మపై చేయి వేయకుడు, బండపై పేరు చెక్కకుడు. ఇంటికి వచ్చి మీ అవ్వను, తాతను చేరి, ముగ్గులోని ప్రతి గుర్తుకును, ఊరి ప్రతి గుట్టకును గల కథ నడిగి వ్రాసికొనుడు. చెప్పువారున్నప్పుడే అడుగవలెను.