99 శాతం కూడా చాలదు!

సిద్దిపేటలో కెమిస్ట్రీతో డిగ్రీయో, పీజీయో చేస్తున్నారా? ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? మక్క బెండ్లు, పత్తికట్టె, వరిపొట్టు కాల్చి బొగ్గు చేసి, దాంతో నీళ్లలోని సీసం తీసేసే ప్రాజెక్టు గురించి వినే ఉంటారు. ఖర్చు తక్కువ. ముడిసరుకు మన పొలాల్లోనే ఉంది. తప్పకుండా చేయండి. కానీ సీనియర్ రిపోర్టుకు పేరు మార్చి ఇస్తే మాత్రం ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

ముందు బేసిక్స్. స్పాంజి నీటిని లోపలికి పీల్చుకోవడం శోషణం. లోహపు అయాన్లు పదార్థం ఉపరితలానికి అతుక్కోవడం అధిశోషణం. మంచి యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాములో సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. అంటే దాదాపు పది గుంటల జాగా!

ఇది మనకు దూరపు సంగతేం కాదు. 2016 దాకా మనతో పాటు మెదక్ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరులో పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగును, బావులను పాడుచేశాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నేలలో క్రోమియం, ఆర్సెనిక్ వంటివి ఉన్నట్లు హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఇక ప్రాజెక్టు సంగతి. మీ బొగ్గు 99 శాతం సీసాన్ని పట్టిందనుకుందాం. మొదట లీటరుకు 10 మిల్లీగ్రాములుంటే ఇంకా 0.1 మిగిలినట్టే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పరిమితి 0.01. అంటే మీ ‘శుద్ధమైన’ నీటిలో ఇంకా పదింతల సీసం ఉంది. పరీక్షలో 99 వస్తే పండగే, తాగే గ్లాసులో కాదు.

రెండోది, డిస్టిల్డ్ వాటర్‌లో లెడ్ నైట్రేట్ కలిపి పరీక్షిస్తే సరిపోదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా ఆ పది గుంటల్లో చోటు కోసం పోటీపడతాయి. పీహెచ్ తగ్గితే హైడ్రోజన్ అయాన్లు ముందే సీట్లు ఆక్రమిస్తాయి. మీ ఊరి బోరు నీళ్లతోనూ చేసి చూడండి. ఫలితం తగ్గితే దాచకండి, రాయండి.

మూడోది అసలు ప్రశ్న. పట్టిన సీసం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు, బొగ్గులోనే ఉంటుంది. ఆ బొగ్గును చెలక గట్టున పారేస్తే వానకు మళ్లీ బావిలోకే దిగొచ్చు. ఆమ్లంతో కడిగితే బొగ్గు మళ్లీ పనికొస్తుంది, కానీ సీసం ఆ ఆమ్లంలోకి చేరుతుంది. దాన్నేం చేయాలో కూడా మీ రిపోర్టులో ఉండాలి.

తాగునీటి ల్యాబ్‌లు, ఫార్మా కంపెనీల వ్యర్థజల శుద్ధి ప్లాంట్లు, కాలుష్య నియంత్రణ మండలి, ఎక్కడికెళ్లినా ఈ ప్రశ్నలే పని. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ కూడా ఉంది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ టి.ప్రదీప్ బృందం ఆర్సెనిక్‌ను పట్టే పదార్థాన్ని ల్యాబ్ నుంచి ఊళ్ల దాకా తీసుకెళ్లింది.

ఇంటర్వ్యూలో ‘ఎంత శాతం తీశారు?’ అని అడిగితే, ‘ఎంత మిగిలింది’ కూడా చెప్పండి. ఆ నీళ్లు తాగేవాళ్లకు కావాల్సింది ఆ లెక్కే.