ప్రయాణపు కబుర్లు: రిటైరయ్యాక తీరిగ్గా

మా శాన్ రామన్ ఇంట్లో "రిటైరయ్యాక తీరిగ్గా వెళదాం" అన్న మాట ఇరవై ఏళ్ళు నలిగింది. ఉద్యోగాల రోజుల్లో పెళ్ళికో, కర్మకో పరుగెత్తి వచ్చామే గాని, గోదావరి గట్టున నాలుగు పూటలు కూర్చున్నది లేదు. ఇప్పుడు తీరిక వచ్చింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అందుకే ఈసారి టిక్కెట్టు ధర కన్నా ముందు మోకాళ్ళ మాట విన్నాం.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచారు. ఆ డిసెంబరులోనే ఎమిరేట్స్ వారు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దుబాయికి నేరుగా విమానం వేశారు. ఒక్కచోట మారితే హైదరాబాదు! అయితే ఆ మొదటి గెంతే దాదాపు 16 గంటలు. నడవా పక్క సీటు అడిగి పుచ్చుకుని, మధ్యమధ్య లేచి నడవడం మేలు.

మేము చేసిన తప్పు మీరు చేయకండి. ఒకసారి నాలుగు డాలర్లు మిగులుతాయని రెండు కంపెనీల దగ్గర విడివిడిగా టిక్కెట్లు కొన్నాం. మొదటి విమానం ఆలస్యమైంది. రెండోది మమ్మల్ని వదిలి ఎగిరిపోయింది. మిగిల్చిన దానికి మూడింతలు కొత్త టిక్కెట్లకు పోశాం. ఊరిదాకా ఒకే టిక్కెట్టు మీద రాయించుకుంటే, తరువాతి విమానం ఎక్కించే పూచీ వాళ్ళది. వీల్ చైరు కావాలంటే ముందే చెప్పండి, మొహమాటం వద్దు. మెడికేర్ సాధారణంగా ఇండియాలో చెల్లదు గనుక ప్రయాణ ఇన్సూరెన్సు విడిగా తీసుకోవాలి.

రాజమండ్రిలో అక్కయ్యకు ఫోన్ చేసి, వచ్చే తారీఖు చెప్పాం. "ఈసారి వెళ్ళే తారీఖు ముందే చెప్పకండర్రా" అంది. డబ్బు కాస్త ఎక్కువైనా, తిరుగు తారీఖు మార్చుకునే వీలున్న టిక్కెట్లే కొన్నాం.