కిల్ట్ జారదు కదా?

నా లైఫ్‌లో అతిపెద్ద భయం ప్రొడక్షన్ సర్వర్ పడిపోవడం కాదండీ, నలుగురిలో పంచె జారిపోవడం. ఏడేళ్ల కిందట అక్క పెళ్లిలో తలంబ్రాల పళ్లెం రెండు చేతులతో పట్టుకుని మండపం ఎక్కుతుంటే, నడుం దగ్గర దోపుకున్న మడత వదులైంది. పళ్లెం వదలాలా, పంచె వదలాలా? మోచేతులతో పంచెని అదిమిపట్టి, పీతలా పక్కకి నడుస్తూ నాలుగు మెట్లు ఎక్కాను. ఆ వీడియో ఇప్పటికీ పండగ పండగకీ మా ఫ్యామిలీ గ్రూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఆ రోజు నుంచి నేను వెల్క్రో పంచె పార్టీ.

అందుకే ఇక్కడ ఎడిన్‌బరాలో మా టీమ్ లీడ్ తన పెళ్లికి పిలిచి, "మగాళ్లందరం కిల్ట్‌లే వేస్తున్నాం, నువ్వూ వేస్తావా?" అన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న: "అది నడుం దగ్గర ఎలా ఆగుతుంది?" అందరూ లోపల ఏం వేసుకుంటారని అడుగుతారట. నేనొక్కడినే పనికొచ్చే ప్రశ్న అడిగానన్నాడు.

మొదట టూరిస్టు షాపుకెళ్లాను. అక్కడివి చవక, పల్చన, పైగా నాకు బాగా తెలిసిన వెల్క్రో. కట్టుకుని కుర్చీలో కూర్చున్నానో లేదో 'కర్ర్'మంది. షాపతను నవ్వేశాడు, నాకు మాత్రం అక్క పెళ్లి మెట్లు గుర్తొచ్చాయి.

తర్వాత టీమ్ లీడే ఒక కుట్టే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాడు. అసలు కిల్ట్ ఏంటో అప్పుడు తెలిసింది. పూర్తి కిల్ట్‌కి దాదాపు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది, అంటే ఏడు మీటర్ల పైమాటే. వెనకంతా కుచ్చిళ్లు, ముందు ఒకదాని మీద ఒకటి రెండు మడతలు. బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. అంత బరువుని వెల్క్రో మీద వదిలేయడం నావల్ల కాదు.

దాన్ని ఆపేది తోలు పట్టీలు, బకిళ్లు. లోపలి మడతకున్న పట్టీ ఎడమవైపు నడుం దగ్గర ఒక చీలికలోంచి బయటికొచ్చి బకిల్‌లో పడుతుంది. ఆ తర్వాత పై మడతని కుడివైపుకి లాగి అక్కడ బిగించాలి. అంటే కుడిది ఊడినా ఎడమది పట్టుకునే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేదు. ఆ మాట ఆవిడకి చెబితే అర్థం కాలేదు గానీ, తల మాత్రం ఊపింది.

కుడివైపు ఒక పట్టీ చాలా, తుంటి దగ్గర ఇంకోటి కావాలా అన్నది మన ఇష్టం. రెండోది ఉంటే పై మడత ఒంటికి చక్కగా అంటి ఉంటుంది. కాకపోతే దాన్ని గట్టిగా లాగితే వెనక కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. నేను పెట్టించుకున్నాను. భయస్తుడికి రెండూ కావాలి.

జీన్స్ అలవాటుతో తుంటి మీద కట్టుకుంటే చేతి మీద ఒక్కటేసింది. కిల్ట్ ఉండాల్సింది బొడ్డు దగ్గర, అంచు మోకాలి మధ్యకి రావాలి. కిందకి దిగితే ఏ బకిలూ కాపాడదట. పైన కనబడే బెల్టు ఇప్పుడు అలంకారానికే. ఒకప్పుడు అంతా బెల్టే చేసేది: పెద్ద దుప్పటిలాంటి బట్టకి కుచ్చిళ్లు పెట్టి, నడుం చుట్టూ బెల్టు బిగించేవాళ్లు. 1746లో చట్టం చేసి హైలాండ్ దుస్తుల్ని నిషేధించారు. 1782లో ఎత్తేశారు.

ఇంకో సంగతి, ముందు వేలాడే పిన్నుతో రెండు మడతల్నీ కలిపి గుచ్చకండి. అది పై మడతకి మాత్రమే. కలిపి గుచ్చితే బట్ట చిరుగుతుంది.

కొత్తది కుట్టించాలంటే వందల పౌండ్లు. అందుకే సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాను. నాకు వదులైతే ఆవిడ బకిళ్లని రెండంగుళాలు జరిపి కుట్టి, కుడివైపు ఆ రెండో పట్టీ కూడా వేసింది. పాత పట్టీల మీద మూడో రంధ్రం సాగిపోయి ఉంది. అది పాత యజమాని నడుము. నాది ఐదో రంధ్రం.

పెళ్లి రాత్రి డాన్స్. స్ట్రిప్ ద విల్లో అని ఒకటుంది, చేతులు పట్టుకుని వరసంతా గిరగిరా తిప్పుతారు. మధ్యలో కుడి నడుం దగ్గర ఏదో వదిలినట్టైంది. పై పట్టీ కొసని లూపులోకి దూర్చడం మర్చిపోయాను, అది జారి ఊడింది. రెండు చేతులూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. గుండె ఆగింది, కిల్ట్ ఆగింది. తుంటి పట్టీ, ఎడమ బకిల్ ఎక్కడివక్కడే ఉన్నాయి. పాట అయ్యాక నింపాదిగా బిగించుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఫోన్‌లో నాన్నకి అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఆ ఎడమ బకిలే మొలతాడురా. అప్పట్లో నీకు మొలతాడు కట్టుకోమంటే పాతకాలం అన్నావు" అన్నారు.

సంక్రాంతికి వస్తున్నాను. బ్యాగులో వెల్క్రో పంచె పెట్టాను. మొలతాడు మాత్రం ఊళ్లో కొనాలి, ఎడిన్‌బరాలో దొరకలేదు.