ఆంగ్ల భూతకాలమూ మన మాతృభాషలూ

ఆంగ్ల వ్యాకరణంలో మన విద్యార్థులను మిక్కిలి తికమక పెట్టేది సామాన్య భూతకాలం. 'గో, వెంట్, గాన్' అని పట్టికను తడుముకోకుండా అప్పజెప్పగల విద్యార్థి సైతం సంభాషణకు దిగగానే 'ఐ డిడ్ నాట్ వెంట్' అంటాడు. ఇది మందబుద్ధికి నిదర్శనమని కొందరు పెద్దలు తీర్మానిస్తారు. ఈ తీర్మానంతో మేము ఏకీభవించలేము. లోపం బోధనా పద్ధతిలో ఉన్నదని మా అభిప్రాయం.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు మాతృభాషలుగా గల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుంటారు. వారి తప్పులు పైకి ఒకే తీరుగా కనిపించినా వాటి మూలాలు వేరు. తెలుగులో 'వచ్చాడు' అన్న క్రియకు వ్యతిరేక రూపం 'రాలేదు'. ఇందులో భూతకాల రూపం తొలగి 'రా' మాత్రమే మిగిలింది. తక్కిన భారం 'లేదు' వహించింది. ఆంగ్లంలోనూ ఇంతే. 'కేమ్' తొలగి 'డిడ్ నాట్ కమ్' అవుతుంది. కాలభారం 'డిడ్' మోస్తుంది. ఈ సూత్రం తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతోనే అబ్బినది. ఆ సంగతి చెప్పేవారే కరవు!

ఉర్దూలో 'వో ఆయా' అన్నది 'వో నహీఁ ఆయా' అవుతుంది, క్రియారూపం మారదు. కనుక ఉర్దూ విద్యార్థి 'డిడ్ నాట్ కేమ్' అనడం సహజం. అతనికి ఈ భేదాన్ని ప్రత్యేకించి చూపాలి.

మరొకచోట ఉర్దూ విద్యార్థిదే పైచేయి. 'ఆయా', 'ఆయా హై', 'ఆయా థా' అనే మూడు రూపాలూ అతని నాలుకపై ఉన్నాయి. 'కేమ్', 'హ్యాజ్ కమ్', 'హ్యాడ్ కమ్' అనేవాటిని వీటి సాయంతో పరిచయం చేయవచ్చు. అయితే 'కల్ దేఖా థా' అనే అలవాటు కొద్దీ అతడు 'ఐ హ్యాడ్ సీన్ హిమ్ యెస్టర్డే' అంటాడు. తెలుగులో మొదటి రెండింటికీ 'వచ్చాడు' చాలును. అందుచేత తెలుగు విద్యార్థి 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అంటాడు. నిన్న, పోయిన ఏడు, 1947లో అని గడచిన కాలాన్ని పేర్కొని ఒక పనిని చెప్పేటప్పుడు 'ఐ సా హిమ్ యెస్టర్డే' అన్న సామాన్య భూతకాలమే తగినదని ఇద్దరికీ బోధించాలి.

తరగతిలో మాతృభాష వినబడితే ఆంగ్లం చెడుతుందని వాదించేవారున్నారు. ఆంగ్లం వినక, పలకక ఆంగ్లం రాదన్నంతవరకు వారి మాట సత్యమే. కాని ఐదు నిమిషాల పోలికతో తీరే సందేహానికి ఐదేళ్ల కంఠస్థం ఎందుకు? 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా స్వీకరిస్తూనే ఆంగ్లాన్ని విధిగా చదివించింది. రెండింటికీ వైరం లేదని మన గడ్డ ఏనాడో గ్రహించింది.

ఇది మార్కులతో ముగిసే విషయం కాదు. ఎక్కడ చదివారు, ఏమి చేశారు, ఎందుకు మానుకున్నారు అని ఉద్యోగమిచ్చేవారు అడిగే ప్రశ్నలన్నీ భూతకాలానివే. ఆ కాలానికి జంకే యువకుడు తన శ్రమను తానే సగం దాచుకుంటాడు. కనుక అధ్యాపకులు ఉభయ భాషల పోలికలను నల్లబల్లపైకి తేవాలనీ, విద్యార్థి సోదర సోదరీమణులు పక్కవారి భాషను కూడా ఆలకించి ఒకరి తప్పును ఒకరు దిద్దుకోవాలనీ మా మనవి.